చిత్రశాలలో దివంగతుల పేర్ల ఫలకం, ఏటా నివాళి: ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు?

గోదావరిగట్టు:
చిన్న చిత్రశాల. ఎక్కువగా నీటిరంగులు, కొన్ని తైలవర్ణాలు. బొమ్మలు కానుకగా ఇచ్చిన దాతలు, వేసిన చిత్రకారులు, ఇక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన సిబ్బంది, అందరూ కలిపి 34 మంది కాలం చేశారు. వాళ్ల పేర్లతో గోడకు ఫలకం, ఏడాదికోరోజు నివాళి అనుకుంటున్నాం. ఫొటోలకు పూలదండలు, దీపం మామూలుగానే పెట్టొచ్చా? ఫలకం ఇత్తడిదా, గ్రానైటా? పేర్లకు ముందు ‘కీ.శే.’ ఉండాలా?

రంగులపెట్టె:
పూలు, దీపం మానేయమనను. బొమ్మలున్న గదిలో మాత్రం వద్దండీ, వరండాలో పెట్టుకోండి.

తాజా పూలతో కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకుపురుగు లోపలికొస్తుంది. పెద్ద పురుగుకి పుప్పొడి చాలు. కానీ దాని పిల్లలు ఉన్ని, పట్టు, ఈకలు తింటాయి. పట్టు మీద వేసిన బొమ్మ ఉంటే అదే వాటికి మేత. నష్టం బయటపడేది నెలల తర్వాత కాబట్టి దండ వల్లే అని ఎవరికీ తట్టదు. దండ వేయాల్సిందే అంటే కొత్త నూలుదండ వేసి, ఆ సాయంత్రమే తీసేయండి.

దీపం నూనెదైనా నేతిదైనా మసి తప్పదు, అగరొత్తులదీ అదే దారి. అద్దం లేని నీటిరంగు బొమ్మ మీద మసి పడితే తుడవడానికి లేదు, తుడిస్తే కాగితంలోకి ఇంకుతుంది. ఫ్రేముకి తడి కుంకుమ బొట్టు కూడా పెట్టనివ్వకండి. అద్దం అంచునుంచి లోపలికి దిగి మౌంటు (బొమ్మ చుట్టూ ఉండే అట్ట) ఎర్రబడుతుంది.

ఫొటోల అసలు కాపీలు గోడకెక్కకూడదు. 600 డీపీఐలో స్కాన్ చేసి నకలు ప్రింటు పెట్టండి, అసలుది ఆమ్లం లేని కాగితంలో చుట్టి బీరువాలో ఉంచండి. ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే పీకొద్దు. పీకితే పైపొర, దానితోపాటు ముఖం, అద్దానికే ఉండిపోతాయి. అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఎప్పుడైనా అసలు ఫొటోనే చూపించాల్సి వస్తే వెలుగు 50 లక్స్ (వెలుగు కొలమానం) దాటకూడదు, అదీ కొద్దిరోజులే.

అచ్చుపని:
ఫలకం సంగతి. నల్ల గ్రానైట్‌లో చెక్కి బంగారు రంగు నింపితే కొన్నేళ్లకి రంగు పెచ్చులూడుతుంది, కొత్త పేరు చేర్చడం కష్టం. ఇత్తడే మేలు, అదీ ఒకే పెద్ద పలకగా వద్దు. ఒక్కో పేరుకి ఒక్కో పట్టీ, సుమారు 300 × 50 మి.మీ., రెండు స్క్రూలు. తప్పొస్తే ఆ పట్టీ ఒక్కటే మారుతుంది. పైన లాకర్ (పారదర్శక వార్నిష్) పూత వేయించండి. లేకపోతే పాలిష్ చేసిన ప్రతిసారీ పాలిష్ తెల్లపొడి అక్షరాల గాడుల్లో మిగిలిపోతుంది.

అసలు తంటా తెలుగు అక్షరాలతోనే. దామెర్ల రామారావు సోదరి, తానూ చిత్రకారిణి అయిన దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ పేరు తీసుకోండి. ర్తి, చ్చి, కృ, ష్ణ, మ్మ: ఐదుచోట్ల అక్షరం కిందికి దిగుతుంది. అక్షరం ఎత్తు 15 మి.మీ. కన్నా తగ్గితే చెక్కుడులో వత్తులు పూడుకుపోతాయి. చెక్కే షాపుల్లో చాలావరకు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే, మీ యూనికోడ్ ఫైలు తెరిస్తే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. అక్షరాల్ని కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ఆ కుటుంబంవాళ్ల సంతకం తీసుకున్నాకే చెక్కించండి.

‘కీ.శే.’, ‘స్వర్గీయ’ రెండూ వద్దు. అన్ని మతాలవాళ్లకీ అవి నప్పవు. దామెర్ల రామారావు (1897–1925) అన్నట్టు సంవత్సరాలు వేస్తే చాలు.

గోదావరిగట్టు:
చాలా థాంక్సండీ. మరి వరస? దాతలు పైన, సిబ్బంది కింద అని కమిటీలో ఒక మాట వచ్చింది. రోజు కూడా మహాలయ పక్షంలో అంటున్నారు.

పాతరిజిస్టరు:
అలా పైనా కిందా పెట్టకండి, దయచేసి. దాతలు, చిత్రకారులు, సిబ్బంది అందరినీ కలిపి కాలం చేసిన సంవత్సరం వరసలో వేయండి. పేరు పక్కన ఇచ్చిన డబ్బు వేయొద్దు, చేసిన పని వేయండి: ‘దాత’, ‘చిత్రకారిణి’, ‘ఫ్రేములు కట్టినవారు’, ‘రాత్రి కాపలా’. దానపత్రంలో పేరు బయటపెట్టొద్దని ఉంటే ఆ మాట నిలబెట్టండి.

మహాలయంలో ఇళ్లలో తద్దినాలుంటాయి, కుటుంబాలు రాలేవు. పైగా వానాకాలం తేమ, జనం చేరితే గదిలో ఇంకా పెరుగుతుంది. ఒక్కరే సంస్థాపకుడైతే ఆయన పుట్టినరోజు కుదురుతుంది. హైదరాబాద్ మ్యూజియంలోని చాలా వస్తువులు సేకరించిన మూడో సాలార్‌జంగ్‌కి జూన్ 13 అలాంటిది. 34 మందికి మాత్రం చిత్రశాల తెరిచిన రోజే సబబు.

ఆరోజు ప్రసంగాలు తగ్గించి, కానుకల రిజిస్టరు చూపించండి. బొమ్మ నంబరు, ఇచ్చినవారి పేరు, వచ్చిన తేదీ, రాసిన గుమాస్తా దస్తూరీ, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఆ పేజీ నకలు తీసి ఆ బొమ్మ పక్కనే పెట్టండి, రిజిస్టరు మాత్రం జనం చేతికివ్వొద్దు.

కార్యక్రమం అయ్యాక గది మూలల్లో పురుగులు అంటుకునే జిగురు అట్టలు రెండు వారాలుంచండి. గుండ్రంగా, మచ్చలతో ఉండే ఆ కార్పెట్ బీటిల్ ఒక్కటి కనబడినా పట్టు బొమ్మలు దించి వెనకవైపు చూడాలి.