డిస్కులో చోటు ఉన్నా 'మెమరీ చాలదు' అని ఎందుకు వస్తోంది?

తొలిమెట్టు
నమస్కారమండీ. 60 దాటాక కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. నిన్న నాలుగైదు పెద్ద ఫైళ్లు ఒకేసారి తెరిస్తే 'మెమరీ చాలదు' అని వచ్చింది. డిస్కులో 200 జీబీ ఖాళీగా ఉంది. అయినా భయపడి పాత ఫోటోలు కొన్ని తీసేశాను. మళ్లీ అదే సందేశం. ఇంత చోటు పెట్టుకుని చాలదనడం ఏమిటి? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాతమౌస్
ముందు ఆ ఫోటోలను రీసైకిల్ బిన్ నుంచి వెనక్కి తెచ్చుకోండి. వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు. మెమరీ అనే ఒకే మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఫైళ్లు దాచుకునే డిస్కు నోటు పుస్తకమైతే, పని జరుగుతున్నంతసేపు వాడుకునే ర్యామ్ పలక. ఏ లెక్క చేయాలన్నా కంప్యూటర్ దాన్ని ముందు పలక మీదికి ఎక్కించుకోవాలి. పలక చిన్నదైతే, ఇంట్లో ఎన్ని తెల్ల పుస్తకాలున్నా పెద్ద లెక్క దాని మీద పట్టదు.

నిద్రలేనికీబోర్డు
కరెంటు పోతే ఆ పలక తుడిచిపెట్టుకుపోతుంది కూడా. 15 పేజీల వ్యాసం టైపు చేశాను, ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. తెర మీద కనిపిస్తోంది కదా, ఉన్నట్టే అనుకున్నాను. కరెంటు పోయి వచ్చాక వెతికితే ఒక్క అక్షరం లేదు. ఆ రాత్రి ఏడ్చాను. సేవ్ నొక్కినప్పుడే రాత డిస్కుకు చేరుతుందని ఎవరూ ముందుగా చెప్పలేదు. అందుకే కొత్తవాళ్లు ఎవరు కనిపించినా మొదట ఇదే చెబుతాను: మొదటి వాక్యం రాయగానే ఫైలుకు పేరు పెట్టండి, పేరా పేరాకూ కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి.

లోపలిమాట
పాతమౌస్ గారి పోలిక బాగుంది. చిన్న సవరణ. పలక నిండితే కంప్యూటర్ చేతులు ముడుచుకుని కూర్చోదు, డిస్కులో కొంత భాగాన్ని తాత్కాలికంగా పలకలా వాడుకుంటుంది. డిస్కు ర్యామ్ కంటే చాలా నెమ్మది కాబట్టి అప్పుడు అన్నీ నత్తనడక నడుస్తాయి. ఆ భాగానికీ హద్దు ఉంటుంది. అదీ నిండితేనే మీకు వచ్చిన సందేశం వస్తుంది.
విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ వరుసలో ఏ ప్రోగ్రామ్ ఎంత తింటోందో కనిపిస్తుంది.

మొండిమీట
ఈ మాటల తికమకల్లో నన్ను బాగా దెబ్బతీసింది షార్ట్‌కట్. ఫైలును తెరవడానికి డెస్క్‌టాప్ మీద నొక్కే చిన్న బొమ్మను (ఐకాన్) పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని వేరే కంప్యూటర్‌లో పెడితే తెరుచుకోలేదు. నేను తీసుకెళ్లింది ఫైలు ఎక్కడుందో చెప్పే చీటీ మాత్రమే. బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్. కాపీ చేసేముందు సైజు కూడా చూడండి. పెద్ద ఫైలు అనుకున్నది ఒకటి రెండు కేబీలే ఉంటే అనుమానించాలి.

తొలిమెట్టు
అందరికీ కృతజ్ఞతలు. ఫోటోలు వెనక్కి వచ్చాయి. అడగాలని ఉండి అడగలేకపోయిన మాట ఇంకొకటి ఉంది. కేబీ, జీబీ అంటున్నారు, ఆ 'బీ' అంటే అసలు ఎంత?

అక్షరాలలెక్క
బీ అంటే బైటు, 8 బిట్లు. బిట్ అంటే 0 లేదా 1. చేసి చూస్తే మరచిపోరు. నోట్‌ప్యాడ్‌లో 'అమ్మ' అని మాత్రమే రాసి, యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా మార్చే ఒక పద్ధతి)లో సేవ్ చేయండి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడండి: 12 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటికీ 3 బైట్లు పడతాయి. మనకు రెండే కనిపిస్తాయి కానీ కంప్యూటర్‌కు అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. అదే మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే 4 బైట్లే.
కొత్త 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీ చూపిస్తే కంగారు పడకండి. బైటు, కేబీ, ఎంబీ, జీబీ, టీబీ అని ఒక్కో మెట్టు ఎక్కేటప్పుడు తయారీదారు 1000 చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. డిస్కులో ఏమీ తగ్గలేదు.

తొలిమెట్టు
టాస్క్ మేనేజర్ చూశాను. నా ర్యామ్ 4 జీబీ, అందులో 3.6 నిండి ఉంది. బ్రౌజర్‌లో 23 ట్యాబులు తెరిచి వదిలేశాను! అవి మూసేశాక ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి.
'అమ్మ' 12 బైట్లే వచ్చింది. ఆ తర్వాత 'స్త్రీ' అని రాయబోతూ ముందే కాగితం మీద లెక్క వేశాను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరు గుర్తులు, 18 బైట్లు. సేవ్ చేసి చూస్తే 18 అనే చూపించిందండీ.