అప్‌డేట్: కాంట్రాక్టర్ల సంఘంలో చేరాను

చిన్న కాంట్రాక్టర్‌ని, కడప. బిల్లు ఎనిమిది నెలలుగా ఆగిపోయింది, సంఘంలో చేరితే ఉపయోగం ఉంటుందా అని అడిగాను కదా. చేరాను. ధైర్యం చెప్పిన అన్నలందరికీ కృతజ్ఞతలు.

ఒంటరిగా వెళ్తే "రేపు రా" అన్న ఆఫీసులోనే, పదిమంది కలిసి కొలతల పుస్తకం (చేసిన పని కొలతలు రాసి ఉండేది) ముందుపెట్టి అడిగితే ఫైల్ కదిలింది. సగం డబ్బు వచ్చింది. కూలీల బాకీ తీర్చేశాను, టెన్షన్ చాలావరకు తగ్గింది.

మొన్న పదవి దిగిపోతున్న అధ్యక్షుడు మాట్లాడారు. ఆయన ఎక్కువసేపు సిమెంట్ గురించే చెప్పారు. పక్కనే యర్రగుంట్లలో తయారయ్యే సిమెంట్‌కి 28 శాతం జీఎస్టీ కట్టి, మన పనికి 18 శాతమే వసూలు చేసేవాళ్లం. ఎక్కువ కట్టిన ఆ పన్ను డబ్బు చేతికి రాక, మన పెట్టుబడి అక్కడే ఇరుక్కునేది. దేశమంతా సంఘాలు ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇచ్చాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్‌కీ 18 శాతమే. "చిన్నవాళ్ల బిల్లుల సంగతి మాత్రం తేల్చలేకపోయాను" అంటూ ఆయన గొంతు బొంగురుపోయింది. నాకూ కళ్లు చెమర్చాయి.

పెండింగ్ బిల్లుల జాబితా రాసే పని నేనే తీసుకున్నాను. జిల్లాలో మీ బిల్లు ఆగి ఉంటే వర్క్ ఆర్డర్ కాపీతో రండి.