నురుగు ఫేస్‌వాష్ సీసా వెనుక ఉన్న పేర్లు

ప్రశ్న: ముఖం కడుక్కున్న పది నిమిషాలకే బుగ్గలు బిగుసుకుపోయి, ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. సీసా వెనుక నీటి తరువాత సోడియం లారిల్ సల్ఫేట్, ఆపైన కోకమిడోప్రొపైల్ బీటేన్, చివరికెక్కడో గ్లిజరిన్ అని ఉన్నాయి. వీటిని ఎలా అర్థం చేసుకోవాలో దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పదార్థాలను ఎక్కువ పరిమాణంలో ఉన్నదాని నుండి తక్కువకు వరుసగా రాస్తారండీ, 1 శాతం లోపు ఉన్నవాటికి మాత్రం ఈ వరుస తప్పనిసరి కాదు. నీటి వెంటనే ఉన్న సల్ఫేటే మీ సీసాలో మురికిని వదిలించేది. దాని అణువులో ఒక కొస నీటిని, మరొక కొస జిడ్డును పట్టుకుంటుంది కనుక జిడ్డు నీటితో కొట్టుకుపోతుంది. అయితే చర్మానికి కావలసిన కొవ్వును కూడా అది కొంత తీసుకుపోతుంది, మీకు కలిగే బిగుతు బహుశా అందువల్లనే. తొందరగా చదివితే ఒకటే అనిపించే సోడియం లారెత్ సల్ఫేట్ దీనికన్నా మృదువైనది. నురుగు ఎక్కువగా వస్తే శుభ్రత ఎక్కువ అనుకోవడం పొరపాటు.

జవాబు 2: బీటేన్‌ను చూసి భయపడకండి. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల నుండి తయారయ్యే ఆ పదార్థం సల్ఫేట్ కరకుదనాన్ని తగ్గిస్తుంది, అరుదుగా కొందరికి పడదు. నాకు మాత్రం జాబితా చివరన ఉన్న పరిమళమే దురద తెప్పించింది.

జవాబు 3: దీనికి బదులుగా సబ్బు వాడవద్దు. చర్మం పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5 ఉంటే, మామూలు సబ్బుది 9 నుండి 10 వరకు ఉంటుంది. నీటి తరువాత, తేమను పట్టి ఉంచే గ్లిజరిన్ వచ్చే సీసాను ఎంచుకోండి. పొట్టు ఆగకపోతే చర్మవైద్యులకు చూపించండి.