కత్తి పట్టిన కింగ్స్ క్వెస్ట్: ఎనిమిదో భాగం దారి తప్పిందా?

బురుజునీడ (కర్నూలు)

1998లో వచ్చిన ‘కింగ్స్ క్వెస్ట్: మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ’ అనే కంప్యూటర్ ఆటను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టి, రెండు రాత్రులు ఆడి, ఆపేశాను. కుర్రతనంలో కూడా ఇది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను కాబట్టి పంచాయతీ పెడుతున్నాను.

ఆడనివారికి రెండు ముక్కలు. సియెరా సంస్థకు రాబర్టా విలియమ్స్ రూపొందించిన ఈ వరుస 1984లో మొదలైంది. ఏడు భాగాల దాకా గ్రాహమ్ రాజు, ఆయన కుటుంబం. తిరగడం, వస్తువులు ఏరుకోవడం, ఏది ఎక్కడ పనికొస్తుందో బుర్ర గోక్కోవడం, ఇదే ఆట. ఎనిమిదోదైన ఈ మాస్క్‌లో గ్రాహమ్ మొదట్లోనే రాయైపోతాడు. తోళ్లు శుద్ధి చేసుకుని బతికే కానర్ అనే యువకుడు త్రీడీ లోకంలో కత్తి పట్టుకుని, అయిదు ముక్కలైన ముసుగు కోసం బయలుదేరతాడు. భూతాన్ని చంపితే అనుభవం పెరుగుతుంది, ప్రాణబలం పెరుగుతుంది, నాణేలు రాలతాయి. పెట్టె మీద ఎనిమిది అనే అంకె కూడా వేయలేదు. బహుశా వాళ్లకే మొహమాటం వేసిందేమో.

నా ఫిర్యాదు కత్తి మీద కాదు. మొదటి భాగంలోనూ బాకు ఉంది. బావి అడుగున డ్రాగన్ ఎదురవుతుంది. బాకు విసిరి చంపవచ్చు, లేదా బకెట్టుతో నీళ్లు కుమ్మరించి దాని నిప్పు ఆర్పవచ్చు. రెండు దారుల్లోనూ మంత్రదర్పణం దొరుకుతుంది, కానీ నీళ్లు పోసినవాడికే ఎక్కువ పాయింట్లు. మేఘాల మీది రాక్షసుడి దగ్గరా అంతే: వడిసెలతో కొట్టి చంపినవాడి కన్నా, వాడు నిద్రపోయేదాకా ఓపిక పట్టినవాడికి ఎక్కువ. రక్తం లేకుండా గట్టెక్కినవాడే మొనగాడని ఆటే లెక్క కట్టి చెప్పేది. ఎనిమిదో భాగం ఆ లెక్కను తలకిందులు చేసింది. చంపనివాడు అక్కడ ఎదగడు. నేను దీన్నే దారి తప్పడం అంటున్నాను.

ఏడురోడ్లు (కడప)

బురుజునీడ గారూ, జ్ఞాపకాలకు తేనె పూసి వడ్డిస్తున్నారు. ఆ తేనె కింద ఉన్న చేదు నేను గుర్తుచేస్తాను.

అయిదో భాగం, 1990. గ్రాహమ్ దగ్గర ‘కస్టర్డ్ పై’ అనే తీపి వంటకం ఒకటి ఉంటుంది. మంచుకొండల్లో ఆకలితో ప్రాణం పోయేలా ఉందని ఆటే చెబుతుంది. సరే అని పై తినిపించాను. కాసేపటికి మంచు మనిషి ఎదురొచ్చాడు. వాడి ముఖాన కొట్టాల్సింది ఆ పై అట! తిన్నప్పుడు ఒక్క హెచ్చరిక లేదు. ఆటను అంతకుముందే ఒకచోట దాచుకోనివాడు (పాత సేవ్ లేనివాడు) మొదటి నుంచి ఆడుకోవాల్సిందే. అదే భాగంలో పిల్లి తరుముతున్న ఎలుకను కాపాడకపోతే, ఎంతో తర్వాత సత్రం నేలమాళిగలో కట్టిపడేసినప్పుడు తాళ్లు కొరికే దిక్కుండదు. దీన్ని తెలివికి పరీక్ష అంటారా? మా వీధిలో దీన్ని మోసం అంటారు.

ఇంకా అసలు మాట ఉంది. మీరు మెచ్చుకున్న మొదటి భాగంలోనే ఒక మరుగుజ్జు తన పేరు చెప్పమంటాడు. జవాబు రంపెల్‌స్టిల్ట్‌స్కిన్. జర్మన్ జానపద కథ తెలియాలి. తెలిసినా చాలదు. వర్ణమాలను తిరగేసి ఏ బదులు జెడ్, బీ బదులు వై అంటూ ఆ పేరును మళ్లీ రాయాలి. 1990లో తిరగరాసిన ఆటలో పేరును వెనక నుంచి రాస్తే చాలన్నారు, అంటే తప్పు వాళ్లకే తెలిసింది. నాకు పేదరాశి పెద్దమ్మ తెలుసు, బేతాళుడు తెలుసు. ఈ మరుగుజ్జు ఎవడో కడపలో ఎవరిని అడగను?

కానర్ చేతి కత్తి మాత్రం నన్ను ఏ కథా అడగలేదు. గుహలోంచి భూతం వచ్చింది, నరికాను, ముందుకు వెళ్లాను. నేను చివరిదాకా ఆడిన మొదటి కింగ్స్ క్వెస్ట్ అదే. మీకది దారి తప్పడం కావచ్చు, నాకు తలుపు తెరుచుకోవడం.

గడియారస్తంభం (అనంతపురం)

ఏడురోడ్లు గారి కోపం న్యాయమైనదే, కానీ నా అనుభవం సరిగ్గా దానికి ఎదురు.

నాలుగో భాగం దాకా మౌస్‌తో నొక్కడం కాదు, ఆజ్ఞ ఇంగ్లీషులో టైపు చేయాలి. నేను తెలుగు మాధ్యమం. వేసవి సెలవుల్లో మా ఊళ్లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో, సారు భోజనానికి వెళ్లినప్పుడు దొంగతనంగా ఆడేవాళ్లం. ‘ఓపెన్’ స్పెల్లింగు తప్పితే తలుపు తెరుచుకునేది కాదు. పరీక్షలో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, అక్కడ తప్పు రాస్తే బావిలో మునిగిపోతాము! క్రియాపదాల కోసం ఒక నోటు పుస్తకం పెట్టాను: ఎత్తు, లాగు, తవ్వు, విసురు, ఇవ్వు. సుమారు అరవై పోగయ్యాయి. ఎనిమిదో భాగంలో ఆ నోటు పుస్తకంతో పనే లేదు. తలుపుకూ మనిషికీ మీటకూ అన్నింటికీ ఒకే నొక్కుడు, భూతానికీ అదే. ఒక లోకంలో చేయగల పనులు ఎన్ని ఉంటే ఆ లోకం అంత పెద్దదని నా అభిప్రాయం. కానర్ లోకం చూడటానికి విశాలం, చేతికి ఇరుకు.

ఒక్క దిద్దుబాటు: ఆ నష్టం కత్తితో మొదలు కాలేదు. అయిదో భాగంలో మౌస్ వచ్చినప్పుడే సగం జరిగిపోయింది. మనం ఎనిమిదోదాన్ని ఒక్కదాన్నే బోనులో నిలబెడుతున్నాం.

కుందూ (నంద్యాల)

మధ్యలో వస్తున్నాను. అందరూ రాబర్టా గారు ఒంటరిగా నిర్ణయించినట్టు మాట్లాడుతున్నారు. 1993లో డూమ్, 1996లో టూంబ్ రైడర్ అనే పోరాట ఆటలు వచ్చాయి. ఆ 1996లోనే సియెరాను సీయూసీ అనే సంస్థ కొనేసింది, అది మరుసటి ఏడు సెండెంట్ అనే సంస్థలో కలిసింది, 1998లో దాని ఖాతాల మోసం బయటపడింది. ఎనిమిదో భాగం తయారైంది ఆ గందరగోళంలోనే. 1999 ఫిబ్రవరిలో సియెరా పాత ఇల్లు ఓక్‌హర్స్ట్‌లో స్టూడియోనే మూసేశారు. ఇల్లు కాలుతుంటే వంట రుచి గురించి వాదిస్తున్నాం.

బురుజునీడ (కర్నూలు)

కుందూ గారూ, ఇల్లు ఎందుకు కాలిందో చెప్పారు, సరే. వంట ఎలా ఉందో చెప్పడం ఇంకా మిగిలే ఉంది కదా.

కలిపితే చెడుతుందని నేను అనడం లేదు. అదే సియెరాలో లోరీ, కోరీ కోల్ దంపతులు 1989లోనే సాహస ఆటనూ (చిక్కుముడులు విప్పేది), పాత్రపోషణ ఆటనూ (పాత్ర నేర్పులు పెంచుకునేది) కలిపారు. ఆ ఆటకు మొదట పేరు ‘హీరోస్ క్వెస్ట్’, దాదాపు అదే పేరున్న బోర్డు ఆట వల్ల ‘క్వెస్ట్ ఫర్ గ్లోరీ’గా మారింది. అందులో వైద్యురాలి ఉంగరం చెట్టు మీది గూట్లో ఉంటుంది. యోధుడు రాళ్లు విసిరి గూడు పడగొడతాడు, దొంగ చెట్టెక్కుతాడు, మాంత్రికుడు మంత్రంతో రప్పిస్తాడు. రాళ్లు విసిరిన కొద్దీ విసిరే నేర్పు పెరుగుతుంది. అంటే మీ పాత్ర ఏమిటన్నదే చిక్కుముడికి తాళంచెవి. మాస్క్‌లో ఆ రెండూ ఒకే చూరు కింద ఉన్న ఎడమొహం పెడమొహం తోడికోడళ్లు. కాసేపు నరకడం, కాసేపు బండ తోయడం, ఒకదానికి ఒకటి అక్కరకు రాదు.

ఏడురోడ్లు గారికి ఒకటి ఒప్పుకోవాలి. ఆ పై విషయంలో నేనూ ఏడ్చాను. నా పాత సీడీలన్నీ 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీద పడ్డప్పుడు బురదలో పోయాయి. అయిదో భాగం పోయినందుకు మాత్రం బాధ పడలేదు.

గడియారస్తంభం (అనంతపురం)

మా వైపు నిమ్మలకుంట తెలుసు కదా, తోలుబొమ్మల ఊరు. ఆట కట్టించేవారు తగ్గాక, ఆ కళాకారులు అదే తోలు మీద అదే రంగులతో దీపాల తొడుగులు చేసి అమ్ముతున్నారు. దాన్ని తప్పనే నోరు నాకు లేదు, పొయ్యి వెలగాలి. కానీ దీపం తొడుగు మీది హనుమంతుడు లంక దాటడు. మాస్క్‌ను చూస్తే అదే అనిపిస్తుంది. తోలు అదే, డావెంట్రీ అనే రాజ్యం పేరు అదే, ఆట లేదు.

ఏడురోడ్లు (కడప)

అన్నా, పోలిక బాగుంది కానీ మీ మీదికే తిరుగుతుంది. ఆ తొడుగుల వల్లే తోలు కోయడం, రంగు అద్దడం వచ్చిన చేతులు ఇంకా మిగిలాయి. చేతులుంటే ఆట మళ్లీ కట్టవచ్చు. 2015లో వేరే స్టూడియో కింగ్స్ క్వెస్ట్‌ను మళ్లీ తీసుకొచ్చినప్పుడు కత్తి పక్కన పెట్టి, ముసలి గ్రాహమ్ మనవరాలికి కథలు చెప్పే ఆటగా చేసింది. పేరు జనం నోట్లో మిగలబట్టే కదా?

అయినా బురుజునీడ గారు చెప్పిన ఆ పాయింట్ల లెక్క నాకు తెలియదు. మరుగుజ్జు దగ్గరే విసిగి వదిలేశాను కాబట్టి డ్రాగన్ దాకా వెళ్లనే లేదు. నీళ్లకు ఎక్కువ, బాకుకు తక్కువ అన్నది నన్ను కొంచెం ఇబ్బంది పెడుతోంది. మా అమ్మాయికి పదేళ్లు, ఇంగ్లీషు నా కన్నా బాగా వచ్చు. ఈ ఆదివారం మొదటి భాగం ముందు కూర్చోబెడతాను. మరుగుజ్జు పేరు నేనే చెప్పేస్తాను, అది మోసం కాబట్టి. బావి దగ్గర మాత్రం నోరు విప్పను.

బురుజునీడ (కర్నూలు)

బకెట్టు నింపుకోమని కూడా చెప్పకండి.