వేకువ వాకిట ఊదేది మురళియా, పిల్లనగ్రోవియా?

బ్రిటన్‌కు చెందిన రాక్ సంగీత బృందం పింక్ ఫ్లాయిడ్ 1967 ఆగస్టులో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ పేరును తెలుగులో ఎలా చెప్పవచ్చునని మన చర్చలో ఒక సభ్యులు అడిగారు. ‘ఉషోద్వారాన మురళీధరుడు’ అన్న సూచన వెంటనే వచ్చింది. వినసొంపుగానే ఉంది, కాని దానిని చదివిన తెలుగువారికి కనిపించేది నెమలిపింఛమే తప్ప, ఆ పేరు వెనుక ఉన్న మూర్తి కాదు.

ఆల్బమ్‌లోని పాటల్లో అధికభాగం రాసిన బృంద గాయకుడు సిడ్ బారెట్‌కు ఇష్టమైన పిల్లల పుస్తకం, కెనెత్ గ్రాహమ్ 1908లో ప్రచురించిన ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’. అందులోని ఏడవ అధ్యాయం పేరే ఈ ఆల్బమ్ పేరయింది. తప్పిపోయిన నీటికుక్క పిల్లను వెతుకుతూ రాత్రివేళ పడవలో బయలుదేరిన రెండు చిన్న జంతువులకు, తెల్లవారబోతుండగా ఏదో గానం వినిపిస్తుంది. దాని వెంట వెళ్లి చూస్తే, కొమ్ములూ మేకగిట్టలూ గల గ్రీకు వనదేవత పాన్ దర్శనమిస్తాడు, ఆయన పాదాల మధ్య ఆ పిల్ల నిద్రపోతూ ఉంటుంది.

పాన్ చేతిలోది మన వేణువు వంటి ఒంటి గొట్టం కాదు. పొడవులో తేడా గల రెల్లు గొట్టాలను పక్కపక్కన కట్టిన వాద్యం. సిరింక్స్ అనే వనకన్య పాన్‌ను తప్పించుకోబోయి రెల్లుగా మారిందనీ, ఆ రెల్లును కోసి అతడు వాద్యం చేసుకున్నాడనీ గ్రీకు కథ. గ్రీకులో ఆ వాద్యం పేరూ సిరింక్సే, ఇంగ్లీషు ‘సిరంజి’కి మూలం ఆ మాటే. మన భాషలోనూ వసంతాలాడేటప్పుడు రంగునీళ్లు చిమ్మే సాధనం చిమ్మనగ్రోవి, ఊదే వాద్యం పిల్లనగ్రోవి. రెండింటిలోనూ గ్రోవి అంటే గొట్టమే. రెండు భాషలూ ఒకదాని ఊసు మరొకదానికి లేకుండానే వాద్యానికీ చిమ్మే గొట్టానికీ చుట్టరికం కలిపాయన్నమాట. అందువల్ల మురళి కన్నా పిల్లనగ్రోవి నాకు నచ్చుతుంది. కృష్ణుడి నీడ దానిమీదా పడుతుందనేది నిజమే, కాని ‘ధరుడు’ను వదిలి ‘ఊదేవాడు’ అంటే ఆ నీడ కొంత పలుచబడుతుంది.

‘డాన్’కు ఉషస్సు కన్నా వేకువ మేలు. కథలో ఆ గానం మొదలయ్యేది సూర్యుడు రాకముందే. ద్వారానికి బదులు వాకిలి అనవచ్చు.

ఒక సభ్యుల అభ్యంతరం: సైకెడెలిక్ (భ్రమలు గొలిపే రాక్ సంగీతపు) కాలపు సంగీతకారులకు భారతదేశంపై మోజు ఉండేది కనుక, కృష్ణుడు స్ఫురిస్తే తప్పేమిటి?

నా జవాబు: ఆ మోజు ఉన్నమాట వాస్తవమే. ఈ ఆల్బమ్ ముఖచిత్రం తీసిన విక్ సింగ్ వాడిన పట్టకపు కటకం, సితారు నేర్చుకున్న బీటిల్స్ బృంద సభ్యుడు జార్జ్ హారిసన్ ఇచ్చినదే. అయితే ఇందులో తూర్పు దేశాల ఛాయ స్పష్టంగా కనిపించే పాట ‘చాప్టర్ 24’, అది చైనా గ్రంథమైన ‘ఐ చింగ్’ ఆధారంగా రాసినది. పైగా బ్రిటన్ ప్రతిలోని 11 పాటల్లో దేనికీ ఆల్బమ్ పేరు లేదు కనుక, అనువాదకుడికి గ్రాహమ్ అధ్యాయమే దిక్కు. ‘వేకువ వాకిట పిల్లనగ్రోవి ఊదేవాడు’ కొంచెం పొడవే, కాని మూలమూ పొట్టిది కాదు.