సెకండ్ హ్యాండ్ వీ-క్రాస్, ముందు లిఫ్ట్ చేసి ఉంది: స్పీడ్ బ్రేకర్ దిగితే టంగుమంటోంది, స్టీరింగ్ తిరిగి రావట్లేదు

ఘాట్‌రోడ్డు19:
2019 ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్, 2.5 లీటర్ మాన్యువల్, 94,000 కి.మీ. తిరిగింది. పాత ఓనరు ముందువైపు లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే మార్పు) వేయించాడు, బిల్లు గానీ కంపెనీ పేరు గానీ లేవు. టైర్లు 265/70 ఆర్17 ఆల్ టెర్రైన్. ముందు స్టీల్ బంపర్ ఉంది, వించ్ లేదు.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు నుంచి ఒక్కసారి టంగుమని గట్టిగా కొడుతుంది. సిమెంటు రోడ్డు గతుకుల మీద మెల్లగా పోతుంటే వేరే శబ్దం, టక్ టక్ టక్ అని. మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, చేత్తో లాగాలి. ముందు టైర్లు రెండూ లోపలి అంచు అరుగుతున్నాయి. కుడి చక్రం రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంది.

మెకానిక్ "టాప్ బేరింగులు పోయాయి, రెండు షాకబ్జర్లు కూడా మార్చాలి" అంటున్నాడు. మార్చేయమంటారా?

పాతపానా:
మార్చకండి, ముందు ఆగండి. ఈ బండికి ముందు డబుల్ విష్‌బోన్, అంటే పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్. స్టీరింగ్ తిప్పితే నకిల్ (చక్రాన్ని మోసే ముక్క) మాత్రమే తిరుగుతుంది, షాకు తిరగదు. కాబట్టి కార్లలో మెక్‌ఫర్సన్ స్ట్రట్‌కి (షాకు కూడా చక్రంతో పాటు తిరిగే రకం) ఉండే టాప్ బేరింగు ఇక్కడ అసలు లేదు. పైన ఉండేది రబ్బరు మౌంటు ఒక్కటే. లేని పార్టు పోయిందని చెప్పేవాడు మిగతాది కూడా చూసి చెప్పాడో లేదో అనుమానమే.

మొదట తేలాల్సింది ఏ రకం లిఫ్ట్ అన్నది. చక్రం వెనక టార్చి వేసి షాకు పైభాగం చూడండి. మౌంటుకీ ఛాసిస్‌కీ మధ్య అల్యూమినియం బిళ్లో నైలాన్ బిళ్లో ఉంటే అది టాప్ స్పేసర్. బిళ్ల లేకుండా స్ప్రింగ్ పైకప్పులోనే రింగు ఇరికించి ఉంటే ప్రీలోడ్ రింగు, అది స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచుతుంది. రెండూ లేకుండా స్ప్రింగ్, షాకు కొత్త రంగులో ఉంటే సెట్టు మార్చినట్టు.

తేడా ఎందుకంటే: టాప్ స్పేసర్ వేస్తే షాకు మొత్తం కిందికి జరుగుతుంది. ఈ సస్పెన్షన్‌లో షాకు దగ్గర 1 మి.మీ. అంటే చక్రం దగ్గర సుమారు 1.8 నుంచి 2 మి.మీ. అంటే 25 మి.మీ. బిళ్లకి బండి 45–50 లేస్తుంది. అంతవరకు అందరికీ తెలుసు. చాలామంది మరిచేది ఏంటంటే, గుంతలో చక్రం వేలాడే హద్దు కూడా అంతే కిందికి పోతుంది. అప్పుడు అప్పర్ ఆర్మ్ స్ప్రింగ్‌ని తాకొచ్చు, బాల్ జాయింటు (ఆర్మ్‌ని నకిల్‌కి కలిపే గుండు కీలు) దాని కప్పు అంచుకి ఒరుగుతుంది, యాక్సిల్ సీవీ జాయింటు (వంగుతూనే చక్రాన్ని తిప్పే కీలు) వంగాల్సిన దానికన్నా ఎక్కువ వంగుతుంది. పైకి నొక్కుకున్నప్పుడు ఇంకో చిక్కు: బంప్ స్టాపు (చివర్లో ఆపే రబ్బరు) తగలకముందే షాకు లోపల అడుగుకి కొడుతుంది.

ప్రీలోడ్ రింగయితే వేలాడే హద్దు మారదు. కానీ బండి ఎత్తుగా నిలబడటానికే షాకు సగం సాగిపోయి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే మిగిలిన కాస్తా అయిపోయి షాకు లోపల లోహం లోహాన్ని కొడుతుంది. టంగుమనే శబ్దం రెండు రకాల్లోనూ వస్తుంది, కారణాలే వేరు. అప్పర్ ఆర్మ్ లోపలివైపు, స్ప్రింగ్ చుట్టల మీద పెయింటు గీసుకుపోయి మెరిసే మచ్చ ఉందేమో చూసి చెప్పండి.

టక్ టక్‌కి ముందు స్టెబిలైజర్ లింకుల్ని (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీలు) అనుమానించండి. లింకులు రెండువైపులా ఊడదీసి బార్‌ని తాడుతో పైకి కట్టేసి, అదే గతుకుల మీద 20 వేగంలో నడపండి. శబ్దం పోతే లింకే. ఒక్కవైపే ఊడదీస్తే బార్ వేలాడి వేరే చోట కొట్టి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు బాల్ జాయింట్లు. ఇక్కడ జాకీ ఎక్కడ పెడతారన్నదే అసలు సంగతి. ఛాసిస్ కింద పెట్టి చక్రం ఊపితే లోయర్ బాల్ జాయింటు లూజు బయటపడదు, స్ప్రింగ్ ఆర్మ్‌ని కిందికి నెట్టి జాయింటుని బిగించి ఉంచుతుంది. జాకీ లోయర్ ఆర్మ్ కిందే, జాయింటుకి దగ్గరగా పెట్టి, టైరు నేలకి రెండు వేళ్లు లేచేలా ఎత్తండి. టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తుతుంటే పక్కన ఒకరు జాయింటు మీద వేలు పెట్టి చూడాలి. తర్వాత టైరు పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే ఒకర్ని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఊపు ఆగితే వీల్ బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. పక్కల పట్టుకుంటే ఊగేది స్టీరింగ్ భాగాలైన టై రాడ్ ఎండు లేదా ర్యాక్.

కొలత కూడా తీయండి. చదునైన చోట, టైర్ల గాలి సమానంగా ఉంచి, బండిని పది మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి ఆపి, హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండువైపులా. టైరు సైజు ఏదైనా ఈ కొలత మారదు, అందుకే నేల నుంచి కొలవొద్దు.

క్యామ్‌బోల్టు:
స్టీరింగ్ తిరిగి రాకపోవడానికి కారణం దాదాపు ఖాయంగా క్యాస్టరే, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం. ఎత్తు పెరిగితే క్యాస్టర్ పడిపోతుంది. 2 డిగ్రీల కిందికి వస్తే మీరు చెప్పినట్టే చేత్తో లాగాల్సి వస్తుంది, హైవే మీద బండి ఈతకొడుతున్నట్టు ఉంటుంది. అలైన్‌మెంట్ షాపులో "టో సెట్ చేశాం" అని పంపేస్తే లాభం లేదు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), క్యాస్టర్, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మూడూ ఉన్న ప్రింట్ తీసుకోండి.

సర్దుబాటు లోయర్ ఆర్మ్ క్యామ్ బోల్టులతో, వాటిని తిప్పితే ఆర్మ్ మొదలు లోపలికీ బయటికీ జరుగుతుంది. క్యాస్టర్ పెరగాలంటే ముందు క్యామ్ లోపలికి, వెనక క్యామ్ బయటికి. బాల్ జాయింటు ముందుకు జరుగుతుంది. అయితే లిఫ్ట్ మరీ ఎక్కువుంటే క్యాంబర్‌ని సరిచేయడానికే క్యామ్ తిరుగుడు అంతా అయిపోతుంది, క్యాస్టర్‌కి ఏమీ మిగలదు. రెండు క్యామ్‌లూ చివరికి తిరిగి ఉన్నాయంటే అర్థం అదే. తడి ప్రాంతంలో తిరిగిన బండైతే బోల్టు ఆర్మ్ రబ్బరు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో పట్టేసి ఉంటుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి, బోల్టు బదులు గొట్టం తిరిగితే రబ్బరు చిరుగుతుంది.

టైరు అరుగుదలని చేత్తో చదవొచ్చు. ట్రెడ్డు మీద అరచేతిని అడ్డంగా లోపలికీ బయటికీ పాముతూ చూడండి. ఒకవైపుకి పామితే నున్నగా, తిరిగి ఇంకోవైపుకి పామితే రంపం పళ్లలా గుచ్చుకుంటే టో తప్పింది. నున్నగా ఒక అంచే తగ్గితే క్యాంబర్.

ఘాట్‌రోడ్డు19:
చూశాను. టాప్ స్పేసర్ ఉంది, అల్యూమినియం, రెండువైపులా 38 మి.మీ. కుడివైపు స్ప్రింగ్ పైన ఇంకో 6 మి.మీ. రింగు కూడా. హబ్ నుంచి ఫెండర్ కుడి 573, ఎడమ 562. రెండువైపులా అప్పర్ ఆర్మ్ మీద, స్ప్రింగ్ మీద మెరుపు మచ్చ ఉంది. లింకులు విప్పితే టక్ టక్ పోయింది. బాల్ జాయింట్లలో లోయర్ బాగున్నాయి, కుడి అప్పర్ లూజు. కుడి బయటి సీవీ బూటు (జాయింటు మీది రబ్బరు తొడుగు) మడతలో చిరిగింది, ఫుల్ లాక్ తిప్పితే శబ్దం మాత్రం లేదు. ప్రింట్: క్యాస్టర్ కుడి 1.2, ఎడమ 1.4.

పాతపానా:
అయితే అన్నీ ఒకే చోట నుంచి వస్తున్నాయి. 38 బిళ్లంటే చక్రం దగ్గర 70 మి.మీ. వరకు. ఈ జామెట్రీకి 50 దాటితే కష్టం మొదలవుతుంది. కుడివైపు 6 రింగు లెక్కకి 11 మి.మీ., మీ కొలతలో తేడా సరిగ్గా అంతే. డ్రైవర్ కూర్చుంటే కుడివైపు దిగుతుందని వేసుంటారు. అందుకే అటువైపే బూటు, అటువైపే అప్పర్ జాయింటు ముందు పోయాయి.

నా మాట: స్పేసర్లు, రింగు తీసేయండి. స్టీల్ బంపర్ బరువుకి తగ్గ, 40 మి.మీ. లేపే స్ప్రింగులు, వాటికి సరిపడే పొడవున్న షాకులు వేయండి. ఇప్పుడే అంత ఖర్చు వద్దనుకుంటే 38 తీసి 20 బిళ్ల వేయండి. చాలావరకు నెమ్మదిస్తుంది.

బిళ్ల తీయడానికి స్ప్రింగ్ కంప్రెసర్ అక్కర్లేదు, షాకు స్ప్రింగ్‌తో సహా మొత్తంగా బయటికి వస్తుంది. రింగు తీయడానికి మాత్రం కావాలి. షాకు పైన నడిమి నట్టుని బండి మీద ఉండగా ముట్టుకోవద్దు, స్ప్రింగ్ శక్తంతా ఆ నట్టు మీదే ఉంటుంది, ప్రాణాలకే ముప్పు.

వరస ఇది. ఛాసిస్‌ని రెండు స్టాండ్ల మీద నిలబెట్టి చక్రాలు తీయండి. లింకులు రెండూ విప్పండి. ఏబీఎస్ వైరు, బ్రేక్ హోస్ క్లిప్పులు వదలండి. లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆనించండి. అప్పర్ బాల్ జాయింటు నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు ఉంచి, నకిల్ చెవిని పక్కనుంచి సుత్తితో రెండు దెబ్బలు కొడితే టేపరు (కోసుగా బిగిసిన జాయింటు పిన్ను) వదులుతుంది. జాయింటు విడదీసే ఫోర్కు పెట్టి కొట్టకండి, ఎడమవైపు బాగున్న బాల్ జాయింటు బూటు కూడా చిరుగుతుంది. నట్టు తీసేముందే నకిల్‌ని తాడుతో కట్టండి. వదిలేస్తే బయటికి వాలి బ్రేక్ హోస్ లాగుతుంది, సీవీ లోపలి జాయింటు ఊడొస్తుంది. ఆ తర్వాత షాకు కింది బోల్టు, చివర్లో పై నట్లు.

లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు విప్పితే, చక్రాలు నేల మీద ఉండి బండి బరువు పడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టేస్తుంది, బండి దింపగానే మెలిపడి కొన్ని నెలల్లో చిరుగుతుంది. కొత్త బుష్‌లు త్వరగా పోతున్నాయని కంపెనీని తిట్టే కేసుల్లో చాలావాటికి మూలం ఇదే.

గ్రీజుగన్:
బూటు విషయం. ఫుల్ లాక్‌లో చప్పుడు లేదన్నారు కాబట్టి జాయింటు బతికే ఉండొచ్చు, కానీ విప్పి గ్రీజుని వేళ్ల మధ్య నలిపి చూడండి. ఇసుకలా గరుకు తగిలితే జాయింటు మార్చాలి. నున్నగా ఉంటే పాత గ్రీజంతా కడిగి, కొత్త బూటు వేసి కిట్‌లో వచ్చిన నల్లటి మాలిబ్డినం గ్రీజు ప్యాకెట్ మొత్తం పెట్టండి. మామూలు బేరింగు గ్రీజు వద్దు. బూటుకి స్టీల్ క్లాంపే. ప్లాస్టిక్ టై కట్టి పంపేవాళ్లున్నారు, వేడికి జారిపోతుంది. "నేను ఫోర్ వీల్ వేయనుగా" అనుకోకండి. ఈ బండికి ముందు హబ్ విడిపోదు, టూ వీల్‌లో కూడా యాక్సిల్ షాఫ్టు చక్రంతో పాటే తిరుగుతుంది, మడతలు ఒకదానికొకటి రాసుకుంటూనే ఉంటాయి.

40–45 ఎత్తుకి డిఫరెన్షియల్ డ్రాప్ (యాక్సిల్ వంపు తగ్గేలా ముందు డిఫరెన్షియల్‌ని కిందికి దించడం) అవసరం లేదన్నది పాతపానా గారి లెక్క అనుకుంటా. నేను కాస్త విభేదిస్తా. మారేడుమిల్లి లాంటి చోట రాళ్లలో దించేవాళ్లయితే 25 మి.మీ. డ్రాప్ వేయడం మేలు, బూటు ఆయుష్షు పెరుగుతుంది. కానీ డ్రాప్ వేస్తే సంప్ గార్డు కూడా అంత కిందికి దించాలి, లేకపోతే డిఫరెన్షియల్‌కి తగులుతుంది. రోడ్డు మీదే తిరిగేవాళ్లకి దండగ.

పాతపానా:
ఒప్పుకుంటా, రాళ్లలో దిగేవాళ్లకి సరే. అప్పర్ ఆర్మ్ ఎలాగూ లూజు కాబట్టి, కంపెనీదే వేసే బదులు క్యాస్టర్ కలిపి ఇచ్చే ఆఫ్టర్‌మార్కెట్ (బయటి కంపెనీల) జత గురించి ఎవరైనా చెబుతారు. 40 లిఫ్ట్‌కి కంపెనీ ఆర్మ్ చాలు. క్యామ్‌లతో క్యాస్టర్ 2.5 దాటకపోతేనే అటు ఆలోచించండి.

క్యామ్‌బోల్టు:
అలైన్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు క్యాస్టర్ 3 దగ్గర, రెండువైపులా తేడా అర డిగ్రీ లోపల, క్యాంబర్ సున్నాకి దగ్గర, టో మొత్తం 0 నుంచి 2 మి.మీ. లోపలికి అని చెప్పి చేయించండి. కొత్త స్ప్రింగులు కొంచెం దిగుతాయి, 500 కి.మీ. తర్వాత హబ్ కొలత మళ్లీ తీసి, అన్ని బోల్టులూ టార్క్ పానాతో చూసి, అలైన్‌మెంట్ ఇంకోసారి. ఇంకోటి, మీ టైరు ఎత్తు 803 మి.మీ., కంపెనీ టైరు 255/60 ఆర్18 అయితే దాని ఎత్తు 763. కంపెనీ టైరుతో స్పీడోమీటరు సరిగ్గా చూపించేదైతే, ఇప్పుడు 100 చూపిస్తే మీరు 105లో ఉన్నట్టు.

ఫైల్‌కవరు:
సాంకేతికం కాదు గానీ ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి ముందు తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి మార్చడం కుదరదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. మార్చింది పాత ఓనరే అయినా ఇప్పుడు రోడ్డు మీద బండికి ఓనరు మీరు. ఎత్తు తగ్గించడానికి ఇది ఇంకో కారణం.

ఘాట్‌రోడ్డు19:
రోడ్డు మీదే తిరిగేది కాబట్టి డిఫరెన్షియల్ డ్రాప్ వద్దు. స్పేసర్లు, రింగు తీసి 40 స్ప్రింగ్ సెట్టు, కుడి అప్పర్ ఆర్మ్, రెండు స్టెబిలైజర్ లింకులు, కుడి సీవీ బూటు కిట్, కొత్త స్ప్లిట్ పిన్నులు. జాబితాలో ఏదైనా తప్పిందా?

గ్రీజుగన్:
అప్పర్ ఆర్మ్ ఎడమది కూడా కలపండి, దాని మీదా మచ్చ ఉందన్నారుగా. పనయ్యాక చక్రం గాల్లో వేలాడుతుండగా స్టీరింగ్ రెండువైపులా ఫుల్ లాక్ తిప్పి బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో చూడండి. ఎత్తు మారుతుంది కాబట్టి హెడ్‌లైట్లు కూడా గోడ ముందు నిలబెట్టి మళ్లీ సెట్ చేయించండి.