భోషాణంలో దొరికిన ‘ట్రెజర్ చెస్ట్’ సంచికలు: ఏమిటివి, ఎలా చదవాలి?

ప్రశ్న: గట్టుమీది ఇల్లు (పాలకొల్లు ప్రాంతం)

పెద్దలకు నమస్కారం. పాత ఇంటి పెంకులు దింపించే పనిలో అటక మీది భోషాణాన్ని కిందికి దించగా, మా చిన్నమామ్మ (తాతయ్య చెల్లెలు) దాచుకున్న బట్టల అడుగున ఇంగ్లీషు బొమ్మల పత్రికల కట్ట ఒకటి దొరికింది. ‘ట్రెజర్ చెస్ట్’ అని వాటి పేరు. అంటే, నిధులు దాచే భోషాణమన్న పేరుగల పత్రిక మా ఇంట భోషాణంలోనే అరవై ఏళ్లు పడి ఉందన్నమాట. మామ్మ మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసేది. అక్కడి విదేశీ గురువులకు (ఫాదర్లకు) పార్సిళ్లలో వచ్చిన చదివేసిన పత్రికలను ఆమెకు ఇచ్చేవారని మా నాన్నగారు చెబుతారు.

మొత్తం ఇరవై ఆరు సంచికలున్నాయి. వాటిలో పునీతుల (క్రైస్తవ భక్తుల) చరిత్రలు ఉంటాయనుకున్నాను. ఉన్నాయి కూడా. అయితే వాటి పక్కనే ఆటగాళ్ల జీవితాలు, యంత్రాలు పనిచేసే తీరు, పొడుపు ప్రశ్నలు, ఒక పిల్లవాడి సాహసాల ధారావాహిక కనిపించి ఆశ్చర్యం కలిగింది. నా సందేహాలు ముఖ్యంగా రెండు కథల గురించి. 1961 నాటి సంచికల్లో కమ్యూనిజాన్ని తిట్టిపోసే బొమ్మల కథ ఒకటి, సంచిక విడిచి సంచికలో వస్తోంది. కమ్యూనిస్టు పత్రిక విశాలాంధ్రకు చందాదారైన మా తాతయ్య ఆ పుటల అంచున పెన్సిలుతో రెండుచోట్ల ‘అబద్ధం’ అనీ, ఒకచోట ‘ఇది నిజమే’ అనీ రాశారు. రెండవది 1964 నాటి ఎన్నికల కథ. అందులో పోటీచేసే నాయకుడి ముఖం ఒక్క బొమ్మలోనూ కనిపించదు. నా దగ్గర 19వ సంపుటం 19వ సంచిక వరకే ఉన్నందువల్ల ఆ ముఖం ఎందుకు దాచారో తెలియడం లేదు. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి వీటిని ఇవ్వవచ్చా?

జవాబు 1: పాతబొమ్మల పిచ్చోడు

మీ దగ్గరున్నది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరం నుంచి జార్జి ఎ. ఫ్లామ్ అనే ప్రచురణకర్త వెలువరించిన కతోలిక బాలల పత్రిక. 1946 మార్చిలో మొదలై 1972లో ఆగిపోయింది. దీన్ని అంగళ్లలో వేలాడదీసి అమ్మేవారు కాదు. విచారణ బడుల (స్థానిక చర్చిలు నడిపే బడుల) ద్వారా పిల్లలకు చేరేది. బడులు నడిచే నెలల్లో రెండు వారాలకొకటి చొప్పున ఏడాదికి ఇరవై సంచికలు వచ్చేవి కనుక ఒక విద్యాసంవత్సరం ఒక సంపుటం అవుతుంది. మీ 19వ సంపుటంలో సరిగ్గా ఒక్క సంచికే తక్కువైందని అందుకే చెప్పగలుగుతున్నాను.

మీరు గమనించిన కలగాపులగం పొరపాటున జరిగింది కాదు. బొమ్మల పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయని అమెరికాలో గగ్గోలు రేగి, 1954లో సెనేటు ఉపసంఘం విచారణ వరకూ వెళ్లింది. పిల్లలను బొమ్మల పుస్తకాలకు దూరం చేయడం వల్లకాదని తెలిసినవారు వాటికంటే మంచివి చేతికివ్వాలని అంతకు ముందే పూనుకున్నారు. మంచిది అన్నంత మాత్రాన పాఠంలా ఉంటే కుర్రాళ్లు చదవరు కదా! చక్ వైట్ అనే కుర్రవాడి ధారావాహిక ఉత్కంఠ కోసం, ఆటగాళ్ల కథలు సరదా కోసం, మధ్యలో సత్యోపదేశం (మతబోధ). ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను: భయానక కథల బొమ్మలతో పేరుమోసిన గ్రాహం ఇంగెల్స్, ఆ పత్రికలు మూతపడ్డాక, ఈ పత్రికకు బొమ్మలు గీశాడు. దయ్యాలను గీసిన చెయ్యి భక్తుల పత్రికలో కుదురుకుంది.

కమ్యూనిజం కథ పేరుకు ‘ఈ నాస్తిక కమ్యూనిజం’ అని అర్థం. గీసినవాడు రీడ్ క్రాండల్. 1961 సెప్టెంబరు 28 నాటి సంచికలో మొదలై, మీరన్నట్టే సంచిక విడిచి సంచికగా పది భాగాలు వచ్చింది. తొలి భాగంలో అమెరికా కమ్యూనిస్టుల చేతిలో పడితే ఒక కుటుంబం గతి ఏమవుతుందో ఊహించి చూపారు. తరువాత మార్క్సు, లెనిన్, స్టాలిన్ వరుసలో చరిత్ర నడుస్తుంది.

ఎన్నికల కథ ముగింపు ఇక్కడే చెప్పేస్తున్నాను, స్వయంగా తెలుసుకోదలచినవారు ఈ పేరా వదిలేయండి. పెటిగ్రూ అనే ఆ నాయకుడు నల్లజాతివాడు. కథాకాలం 1976. పది భాగాల పొడుగునా ఎత్తిన చెయ్యో, అట్టముక్కో, ఎవరి వీపో అడ్డం పెట్టి, బాలపాఠకులు అతడి మాటలనూ నడతనూ చూసి అభిమానం పెంచుకున్నాక, చివరి సంచికలో ముఖం చూపించారు. బెరీ రీస్ రచన, జో సినాట్ బొమ్మలు. పోపు 23వ జాన్ జీవితాన్ని ఇదే పత్రికకు గీసింది కూడా సినాటే. పెటిగ్రూ కథ 1964 జనవరి నుంచి జూను వరకు నడిచింది. జాతివివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది ఆ జూలై 2న.

జవాబు 2: విశ్రాంత ఉపాధ్యాయిని (నరసాపురం)

పై వివరాలకు ధన్యవాదాలు. అయితే ‘మంచివి చేతికివ్వాలని’ అన్న మాట కొంత ఉదారంగా అనిపించింది. పెటిగ్రూ కథ పిల్లవాడిని ఆలోచించమంటుంది. కమ్యూనిజం కథ భయపడమంటుంది. ఒకే పత్రిక మూడేళ్ల తేడాలో రెండు పనులూ చేసిందన్న సంగతిని దాచి చదివించకూడదు. ఆ భయానికి కారణం లేకపోలేదు. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. ఆరేడు వారాలకే ఈ కథ మొదలైంది. స్టాలిన్ కాలపు నిర్బంధాలు కట్టుకథలు కావు. కాని తొలి భాగం జరగనిదాన్ని జరిగినట్టు గీసింది. జరిగిన చరిత్రకూ జరగని ఊహకూ ఒకే రకం గీత, ఒకే రకం రంగు వాడితే పదేళ్ల పిల్లకు తేడా ఎలా తెలుస్తుంది?

మన డెల్టాలో ఈ పుటలు చదివినవారికి అమెరికా పిల్లలకు లేని ఒక అనుభవం ఉంది. పత్రికలు రెండు పక్షాలుగా చీలి కొట్టుకున్న 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలూ, వాటిలో కమ్యూనిస్టు పార్టీ 15 స్థానాలకు పడిపోవడమూ అప్పటికి తాజా జ్ఞాపకాలే. ఒకే ఇంట్లో చెల్లెలు జపమాల చెప్పుకుంటే అన్నగారు పార్టీ సభకు వెళ్లడం మా వీధిలోనూ చూశాను. వారికి కమ్యూనిస్టు అంటే బొమ్మలోని మనిషి కాదు, పక్క పొలం రైతు. మీ తాతగారు ‘అబద్ధం’ అని రెండుసార్లు రాసి, ‘నిజమే’ అని ఒకసారి ఒప్పుకోవడం నాకు ఆ పత్రిక మొత్తం కంటే విలువైనదిగా తోస్తోంది. ఆయన ఏ వాక్యాన్ని నిజమన్నారో దయచేసి తెలియజేయండి.

అమ్మాయికి నిరభ్యంతరంగా ఇవ్వండి. ముందు పెటిగ్రూ, తరువాత ఆటగాళ్లు, తాతగారి పుటలు మాత్రం మీరు పక్కన కూర్చుని.

జవాబు 3: కాగితాల వైద్యం

చదివించే ముందు కాగితం సంగతి చూడండి. ఇది చవకరకం ముతక కాగితం. కాలం గడిచేకొద్దీ దానిలోనే ఆమ్లం పుట్టి పసుపెక్కి పెళుసవుతుంది. మన డెల్టా తేమ దానికి తోడు. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, రంగులు వెలిసిపోతాయి. గాలి ఆడే గదిలో నీడపట్టున పరిస్తే చాలు. తుప్పు పట్టిన పిన్నులను లాగకుండా, వెనక కొసలు మెల్లగా విప్పి తీయండి. చిరుగులకు టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. పెన్సిలు రాతలను రబ్బరుతో తుడిచే పని కూడా పెట్టుకోకండి. చదువుకోవడానికైతే, వాషింగ్టన్‌లోని అమెరికా కతోలిక విశ్వవిద్యాలయం వారు చాలా సంచికలను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచారు. మీ అసలు ప్రతులను తిప్పి తిప్పి చింపుకోనక్కరలేదు.

ప్రశ్నించినవారి స్పందన: గట్టుమీది ఇల్లు

అందరికీ కృతజ్ఞతలు. టీచరుగారు అడిగిన పుట మళ్లీ తీసి చూశాను. తాతయ్య ‘ఇది నిజమే’ అన్నది రష్యా గురించి కాదు. కార్మికులు తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేయడం చూసి మార్క్సు ఆగ్రహించాడన్న చోట ఆ మాట ఉంది. దాని కిందనే మరో రాత, మసకబారిన సిరాతో, మామ్మ చేతిరాతలో: ‘అన్నయ్యా, పుస్తకం పాడుచేయకు.’ పిన్నులు ఈ ఆదివారం తీస్తాను.